ఏటికొప్పాక మేస్త్రి చదివిన చివరి వరస

నర్సీపట్నం ఆసుపత్రిలో ఒక బొమ్మల మేస్త్రికి పోయిన చూపు తెప్పించింది నేనేనని ఇప్పటికి నలభై ఏళ్ళుగా చెప్పుకుంటూ వస్తున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను. రైలు పెట్టెలో పక్కవాళ్ళకి చెప్పాను. పెన్షను కాగితాల కోసం వెళ్ళిన ప్రతి ఆఫీసులోనూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మేస్త్రి చూపు ఇంకాస్త మెరుగుపడుతూ వచ్చింది. క్రిందటేడు మా అరుగు మీద చెప్పినప్పుడైతే ఆయన దీపం లేకుండా సూదిలోకి దారం ఎక్కించేశాడు.

ఇప్పుడు కాగితం మీద రాయవలసి వచ్చింది. నోటితో చెప్పేటప్పుడు విన్నవాడి మొహం వెలుగుతుంటే ఇంకొంచెం కలపాలనిపిస్తుంది. కాగితం మొహం వెలగదు. అందుకని ఆసుపత్రి కొలువుల్లో కొత్తగా చేరిన మీ కోసం ఈ సంగతి ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను. మధ్యలో చెయ్యి జారితే నేనే దిద్దుకుంటాను.

వెయ్యి తొమ్మిదివందల ఇరవైల నాటి మాట. మన్యంలో దొరల మీద లేచిన పితూరీ చల్లారి, పోలీసు గుడారాలు ఎత్తేసిన తరవాత. పితూరీలో గాయపడినవాళ్ళకి నా చేతులతో వైద్యం చేశానని కూడా అప్పుడప్పుడు అంటూ ఉంటాను. కట్లు కట్టే గుడ్డ చుట్టలు చుట్టాను. అదీ చేతులతోనే కదా.

మా ఆసుపత్రి పెంకుటిల్లు. ముందు పొడవాటి వరండా, వెనక మందుల గది, పక్కన పది మంచాల వార్డు. రోజుకి మూడు వందల మంది రోగులు. కాదు, వంద. అదీ జ్వరాల కాలంలో. డాక్టరు గారు, ఆయన తరవాత నేను. నర్సమ్మ గారు ఇది చదివి ఉంటే ఇక్కడే ఆపేసేవారు. సరే, ఆయన తరవాత ఆవిడ, ఆవిడ తరవాత నేను. నేను కాంపౌండరుని. మిక్చర్లు కలపడం, సీసాకి మోతాదు గుర్తుగా గళ్ళు కత్తిరించిన కాగితం అంటించడం, రిజిస్టరు రాయడం నా పని.

డాక్టరు గారు మద్రాసు కంటి ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకుని వచ్చినవారు. కంటి లోపలికి చూసే చిన్న అద్దం ఒకటి సొంతంగా కొనుక్కుని పట్టుబట్టలో చుట్టి దాచుకునేవారు. మితభాషి. నర్సమ్మ గారు మిషను చర్చి కుటుంబం నుంచి వచ్చినావిడ. మితం అన్న మాట ఆవిడ పక్కనుంచి కూడా వెళ్ళలేదు. నేను ఏదైనా గొప్ప చెప్పడం మొదలుపెడితే ఆవిడ చేస్తున్న పని ఆపి, దూదిచుట్ట చేతిలో పట్టుకుని, "ఊఁ, సెప్పండి, మొత్తం అయ్యాక సగం తీసేస్తాను" అనేది.

కంటి రోగుల కోసం నేనొక పటం తయారుచేశాను. అప్పటిదాకా ఉన్నది ఇంగ్లీషు అక్షరాల పటం. మనవాళ్ళలో దాన్ని చదవగలిగినవాడు తహసీల్దారు ఒక్కడే, ఆయనకి కళ్ళు బాగానే ఉండేవి. నేను దళసరి అట్ట మీద నల్లసిరాతో తెలుగు అక్షరాలు ఏడు వరసలు వేశాను. పైన పలకంత పెద్ద అక్షరం ఒకటి, కిందికి వస్తున్నకొద్దీ చిన్నవి, ఏడో వరసలో ఆవగింజలంత అక్షరాలు ఏడు. ఆ పటం తరవాత మద్రాసు రాష్ట్రమంతటా వాడారని చెబుతూ ఉంటాను. అది మా వరండా దాటలేదు.

వరండాలో పటం వేలాడదీసి, ఇరవై అడుగుల దూరంలో సున్నంతో గీత గీశాను. రోగి గీత మీద నిలబడి చదవాలి. మిగిలినవాళ్ళు పక్కన బెంచీ మీద కూర్చుని తమ వంతు కోసం చూడాలి. ఎవరైనా తప్పు చదివితే నేను ఊరుకునేవాడిని కాదు. "అది బ కాదయ్యా, ప!" అని వీధి దాకా వినిపించేలా దిద్దేవాడిని. బడిపంతులు కావలసినవాడిని, తోవ తప్పి మందుల గదిలోకి వచ్చాను. ఈ దిద్దుడు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ పని పడుతుంది.

ఒక సోమవారం ఏటికొప్పాక నుంచి ఎడ్లబండి మీద మేస్త్రి, ఆయన భార్య వచ్చారు. ఆయనకి నలభై అయిదేళ్ళుంటాయి. అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ, ఉలితో మలిచి, లక్క పూసి బొమ్మలూ భరిణెలూ చేసే మనిషి. ఆయన చేసిన భరిణెకి మూత ఎక్కడ మొదలైందో కంటికి అందదని చుట్టుపక్కల చెప్పుకునేవారు. భార్య తరిమెన తాడు లాగేది. ఆమె లాగుతుంటే కర్ర తిరుగుతుంది, ఈయన మలుస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదీ అదే పని.

"ఏటి మేస్త్రీ బాధ?" అన్నాను, డాక్టరు గారు అడగవలసిన ప్రశ్న నేనే అడిగేసి.

"మద్దెలో మసక బాబూ. అంచులన్నీ బాగానే ఉన్నాయి. ఎవులి మొకం సూసినా ఆ మొకం మీదే ఆవిరి పట్టినట్టుంటాది. గుమ్మం కమ్మి సూత్తే తిన్నంగా నేదు, పొట్టేసుకున్నట్టుంటాది."

"రొండు కళ్ళూనా?"

"రొండూను. ఒకటి బేగి అలిసిపోద్ది, రొండోది కూసింత నయం."

డాక్టరు గారు మందుల గది కిటికీలకి కంబళ్ళు కట్టించి, దీపం పెట్టించి, ఆయన కళ్ళలోకి చాలాసేపు చూశారు. తరవాత మూత్రం పరీక్ష చెయ్యమన్నారు. నేను గాజు గొట్టంలో నీలపు మందు పోసి కాచాను. నీలం ఇటికరంగుకి తిరిగింది. చక్కెర.

ఆయన వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. కంటి వెనక గోడకి పలచని పొర ఉంటుందనీ, చూసిన బొమ్మ పడేది దాని మీదేననీ, ఒంట్లో చక్కెర వల్ల ఆ పొర వానకి గోడ నెమ్ము పట్టినట్టు నీరు పట్టి ఉబ్బిందనీ, సరిగ్గా నడుమ భాగంలో ఉబ్బిందనీ చెప్పారు. వరి అన్నం, బెల్లం మానేసి చోడి అంబలి తాగమన్నారు. లోపలికి ఒక మిక్చరు రాశారు.

"నెమ్ము ఆరితే సూపొచ్చేత్తాదా బాబూ?" అంది భార్య.

"ఆరొచ్చు, ఆరకపోవచ్చు. తొందరగా ఆరితే మంచిది. నెలనెలా వచ్చి పటం చదవండి. వరసలు పెరుగుతుంటే ఆరుతున్నట్టు. పెరగకపోతే మద్రాసు పంపించే మాట ఆలోచిద్దాం. ఈలోగా కళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వండి."

అంతే ఆయన అన్నది. కాస్త విశ్రాంతి. ఆ మాట మందుల గది నుంచి వరండాలోకి వచ్చేసరికి నా నోట్లో పెరిగి పెద్దదైంది. సీసా చేతికిస్తూ, చూపుడువేలు పైకెత్తి, "విన్నావుగా మేస్త్రీ. చివరి వరస చదివిన నాడే తరిమెన ముట్టుకోవాలి. అంతదాకా ముట్టుకున్నావో, నా పూచీ లేదు" అన్నాను.

మేస్త్రి మొహం పాలిపోయింది. "అయితే సేతులు ముడుసుకు కూకోవాలా బాబూ?"

ఆ మొహం చూసి కొంచెం జాలి వేసింది. జాలితోపాటు నా ముక్కుపొడుం డబ్బా మూత ఊడిపోయిందని కూడా గుర్తొచ్చింది. "నెలకి ఒక్క భరిణె చేసుకో. చెయ్యి మరిచిపోకుండా. అది నాకు తెచ్చి చూపించు" అన్నాను. చూపించు అంటే ఇచ్చెయ్యి అని ఆయనకి అర్థమైంది. వైద్యంలో నా పొడుం కోసం మినహాయింపు పెట్టిన మొదటివాడిని నేనే అయి ఉంటాను. ఇందులో మాత్రం అతిశయం లేదు.

ఆ వారంలోనే డాక్టరు గారిని ఏజెన్సీ కొండల మీద జ్వరాల పనికి వేశారు. ఎప్పుడో ఒకసారి ఒక్క పూటకి దిగి వచ్చేవారు. ఆసుపత్రి నా చేతిలో... నర్సమ్మ గారి చేతిలో ఉండేది. కంటి రిజిస్టరు నా చేతిలో.

మేస్త్రి మొదటి రోజు రెండు వరసలు చదివాడు. మరుసటి నెల మూడు. తరవాత నాలుగు. తరవాత అయిదు. నెలకొక భరిణె కూడా వచ్చేది, ఎర్రదొకటి, పసుపుదొకటి. మూత పెడితే గీత కనబడదు, నిజమే. కాని మొదటిదాని నుంచే భరిణెకి నడుం వచ్చింది. మధ్యలో లోపలికి నొక్కుకుపోయి, బుడబుక్కలవాడి డమరుకంలా తయారవుతోంది. నేను దాన్ని కొత్త మోజు అనుకున్నాను. పోస్టుమాస్టరుకి చూపించి, "వేళ్ళు జారకుండా ఉంటుందని ఇలా నేనే చెప్పి చేయించాను" అన్నాను. ఆయన తనకీ అలాంటిదే ఒకటి కావాలన్నాడు.

నాలుగో నెలలో డాక్టరు గారు ఒక పూటకి కొండ దిగారు. రిజిస్టరు తిరగేశారు. రెండు, మూడు, నాలుగు, అయిదు. నా చేతిరాత పక్కన ఎర్రసిరాతో ఇంగ్లీషులో 'గుడ్' అని రాసి వెళ్ళిపోయారు. నా కొలువులో నాకు దక్కిన మొదటి ఎర్రసిరా మెప్పు అది. ఆ పేజీ చూడ్డానికే మర్నాడు పని లేకపోయినా రిజిస్టరు తెరిచాను.

అయిదో నెల వచ్చింది. ఆ ఉదయం మొదటి రోగి మేస్త్రే. గీత మీద నిలబడ్డాడు. ఒక్కొక్క వరసా చదువుకుంటూ కిందికి దిగాడు. ఏడో వరస దగ్గర గొంతు సర్దుకుని, గడగడా చదివేశాడు. "ట, ప, న, ర, గ, ల, స."

నేను పటం వైపు చూశాను. రాత్రి చెదలు పట్టి కింది మూల తినేశాయి. ట, ప, న, ర ఉన్నాయి. గ, ల, స ఉండవలసిన చోట గోడ సున్నం కనబడుతోంది.

ఇన్నేళ్ళుగా ఈ కథలో ఇక్కడికి వచ్చేసరికి నేను చెదల మాట ఎత్తేవాడిని కాదు. అసలు సంగతి తెలిసిన నర్సీపట్నం వాళ్ళు ఎదురైతే, మేస్త్రి పటం కంఠతా పట్టినట్టు చివరిదాకా నాకు తెలియదనే చెప్పేవాడిని. తెలుసు. ఆ ఉదయమే తెలిసింది. ప్రతి రోగికీ నేను అరిచి దిద్దుతుంటే బెంచీ మీద కూర్చున్నవాడు వినకుండా ఎలా ఉంటాడు? అయిదు నెలలుగా పాఠం చెప్పింది నేనే.

"సదివింది తప్పా బాబూ?" అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో భయం కంటే ఆశ ఎక్కువగా ఉంది. చివరి వరస చదివాడు. ఇక తరిమెన ఆయనదే కదా.

తప్పు అంటే ఎర్రసిరా పోతుంది. ఒప్పు అంటే మసక కళ్ళతో ఉలి పట్టుకుంటాడు. ఉలి జారితే ఆ పాపం నాది. నేను ఏ పక్కకీ దూకలేదు. "ఒప్పే. కాని ఒకసారి చదివితే చాలదు. వరసగా మూడు నెలలు చదవాలి, అదీ రూలు" అన్నాను. అప్పటికప్పుడు పుట్టిన రూలు. రిజిస్టరులో ఏడు అని వేశాను. మర్నాడు కొత్త అట్ట తెచ్చి పటం మళ్ళీ రాశాను. వేరే అక్షరాలు వెయ్యవచ్చు. అవే వేశాను.

మేస్త్రి తలూపి బండి వైపు నడిచాడు. భార్య మాత్రం వెళ్తూ వెళ్తూ గోడ మీది ఆ ఖాళీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

మరి మూడు నెలలు గడిచాయి. డాక్టరు గారు కొండ దిగి వచ్చేశారు, చలిజ్వరానికి కొయినా మాత్రలు మింగి మింగి చెవులు సగం వినబడకుండా, మనిషి పసుపుపచ్చగా. వచ్చిన మూడో రోజున మేస్త్రి దంపతులు వచ్చారు. మూడు నెలల గడువు తీరే రోజు అది. మేస్త్రి తలకి కొత్త తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

డాక్టరు గారు రిజిస్టరు చూసి ఆనందపడ్డారు. "రెండు నుంచి ఏడుకా? నేను పనిచేసిన చోటికి ఈ కేసు రాసి పంపుతాను" అన్నారు. నాకు ఒళ్ళు పొంగింది. ఆ క్షణంలో ఆ ఏడు నిజమేనేమో అని నాకే అనిపించింది.

అప్పుడు నర్సమ్మ గారు నా బల్ల సొరుగు లాగి, భరిణెలన్నీ ఒళ్ళో వేసుకుని వచ్చి, వరండా కిటికీ గట్టు మీద వరసగా పేర్చింది. వచ్చిన క్రమంలోనే, వెలుతురుకి అడ్డంగా.

"ఇదీ రిజిస్టరే డాక్టరు గారూ. గుమ్మం వంకరగా కనపడేవాడి సేతిలో భరిణె తిన్నగా ఎలాగొస్తాది? సూడండి. మొదటిదానికి నడుం కొంచెం. ఆఖరిదానికి వడ్డాణం పెట్టొచ్చు. కాంపౌండరు గారు మాత్రం ఫ్యాషనంటారు."

డాక్టరు గారు ఆఖరి భరిణె తీసి మేస్త్రికి అందించారు. "ఇది ఎలా ఉంది మేస్త్రీ?"

మేస్త్రి దాన్ని కళ్ళ ముందు పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "తిన్నంగా ఉంది బాబూ. గీసినట్టుంది."

డాక్టరు గారు ఆయన చేతిలోని భరిణెని నిటారుగా నిలబెట్టారు.

"కళ్ళు మూసుకుని బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి తీసుకురా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేలు మూత మీంచి కిందికి జారింది. నడుమకి వచ్చేసరికి ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది, మళ్ళీ కిందికి వచ్చింది, అక్కడే ఆగింది. తరవాత కళ్ళు తెరవకుండానే భార్య వైపు తిరిగాడు.

"నోపలికి పోనాదే. నువ్వు సూణ్ణేదేటి?"

"సూసినాను."

"మరి సెప్పవేటి?"

"నీ సేతి పని వంకరని నా నోటితో ఎలా సెప్పమన్నావు?" అంది ఆమె. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంటికి వంకరగా కనిపించిన చోట ఆయన దిద్దుతూ వచ్చాడు. ఉబ్బినట్టు కనిపించిన నడుమని తిన్ననయ్యేదాకా చెక్కాడు. ఉబ్బింది కర్ర కాదు, కన్ను. మూత మాత్రం వేళ్ళతో చూసి అమర్చేవాడు కాబట్టి అన్నింటికీ మూత బిగువు చెడలేదు.

"మరి పటం?" అన్నారు డాక్టరు గారు.

"నోటికొచ్చు బాబూ" అన్నాడు మేస్త్రి, తల దించుకుని.

"నాకూ వొచ్చు" అంది భార్య. అక్షరం ముక్క రాని మనిషి. ట, ప, న, ర, గ, ల, స అని పాటలా అప్పచెప్పింది. నర్సమ్మ గారికి నవ్వొచ్చి మొహం తిప్పేసుకుంది. ఇంకెవరికీ నవ్వు రాలేదు.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

ఇన్నేళ్ళలో దాచుకున్నది ఇదే. పెళ్ళిళ్ళలోనూ, రైళ్ళలోనూ చెప్పనిది ఇదే. నేను నోరు తెరిచేలోపే మేస్త్రి అందుకున్నాడు.

"బాబుకి తెలీదండి. నానే మోసం సేసినాను. తరిమెన కోసం."

"తెలియదండి" అన్నాను నేను.

డాక్టరు గారు మరోసారి చీకటి గదిలో ఆయన కళ్ళు చూశారు. బయటికి వచ్చి ఆయన పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. రోగి పక్కన ఆయన అలా కూర్చోగా నేను చూడ్డం అదొక్కసారే.

"నెమ్ము ఆరలేదు. ఇన్నాళ్ళు నీరు నిలిచిన చోట పొర పాడైపోతుంది. ఇక ఆరినా నడుమ చూపు మునపటిలా రాదు. మద్రాసు వెళ్తానంటే ఉత్తరం రాసిస్తాను. కాని అక్కడ దీనికి వేరే మందు ఉందని నీతో అబద్ధం చెప్పను."

మేస్త్రి కాసేపు భరిణెని వేళ్ళ మధ్య తిప్పాడు. "కర్రా అంతే బాబూ. నీరు తాగేసిన కర్ర ఎండలో ఎట్టినా కొలతకి రాదు." దాన్ని బెంచీ మీద పెట్టి, "పూర్తిగా సీకటైపోద్దా?" అన్నాడు.

"పూచీ ఇవ్వలేను. చక్కెర అదుపులో ఉంటే అంచుల చూపు నిలుస్తుందనే అనుకుంటున్నాను. నేను చూసినవాళ్ళలో చాలామందికి అలాగే జరిగింది. దారి తెలుస్తుంది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది. ఎవరన్నది గొంతుని బట్టి పోల్చుకోవాలి."

"తరిమెనో?"

"ఎవరు మానమన్నారు?" అన్నారు డాక్టరు గారు, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఇవాళే మొదలుపెట్టు. కంటితో కొలిచేదంతా వేళ్ళకి నేర్పించు. ఉన్న చూపు తోడుండగానే నేర్పించు."

మేస్త్రి నా వైపు చూడలేదు. ఎవరు మానమన్నారో కూడా చెప్పలేదు.

వాళ్ళ బండి వెళ్ళిపోయాక డాక్టరు గారు రిజిస్టరు తెరిచి, తను రాసిన 'గుడ్' ని గీత గీసి కొట్టేశారు. "ఎనిమిది నెలలు" అన్నారు. "అప్పుడే తెలిసి ఉంటే మద్రాసు వెళ్ళేవాడో లేదో, వెళ్తే బాగుపడేవాడో లేదో నేను చెప్పలేను. కాని ఈ ఎనిమిది నెలల్లో వేళ్ళు చాలా నేర్చుకునేవి." నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తిట్లు కూడా ఇప్పటికి కథలో కలుపుకుని ఉండేవాడిని.

ఆ ఆదివారం ఏటికొప్పాక వెళ్ళాను. క్షమాపణ చెప్పుకుందామని దారి పొడుగునా మంచి మంచి మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి మేస్త్రి తరిమెన ముందు కూర్చుని ఉన్నాడు. భార్య లోపల అంబలి కాస్తోంది.

"ఎవులది?"

"నేనే మేస్త్రీ, కాంపౌండరుని."

"రండి బాబూ. మంచి యేళకి వొచ్చినారు. ఆ తాడట్టుకోండి."

కూర్చుకున్న మాటలన్నీ అక్కడే ఉండిపోయాయి. తాడు పట్టుకుని లాగాను. కర్ర ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది.

"మిచ్చరు కలిపినట్టు కాదు బాబూ. ఒక్కలాగే లాగాల. మద్దెలో ఏటా కునుకు?"

మధ్యాహ్నమంతా లాగాను. అరచేతులు పొక్కాయి. ఆయన ఉలి పెట్టడం, ఆపమనడం, బొటనవేలు పెట్టి చూడ్డం, మళ్ళీ ఉలి పెట్టడం. ఒక చెక్క పాడైంది. రెండోదీ పాడైంది. మూడోది చేతిలో ఉండగా, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ దినం సెదలు తినేసినాయని దారిలో మా ఆడది సెప్పినాది బాబూ. మీరు నోరెత్తనేదు. నానూ ఎత్తనేదు. ఇద్దరికీ కావాలి మరి ఆ వరస."

"డాక్టరు గారి దగ్గర నన్నెందుకు కాపాడావు?"

"నా పని ఎలాగూ పోనాది. మీ పని కూడా పోతే నాకేటి ఒస్తాది?" అన్నాడు. ఆపైన, "లాగండి, బేగి. పొద్దు వాలిపోతంది."

మేస్త్రికి వేళ్ళతో కొలిచే విద్య నేర్పింది నేనేనని కూడా చెబుతూ ఉంటాను. ఒక్క మధ్యాహ్నం తాడు లాగాను. అంతే. నేర్చుకోవడానికి ఆయనకి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదిలో ఎన్ని చెక్కలు పొయ్యిలోకి వెళ్ళాయో ఆయన భార్యకే తెలుసు. బొమ్మలకి కళ్ళు పెట్టే పని ఆమె తీసుకుంది. మొదట్లో బొమ్మలన్నీ ఆమెలాగే కొంచెం కోపంగా చూసేవి. నాకు బదిలీ అయి నర్సీపట్నం విడిచే నాడు ఆయన బస్సు దగ్గరికి వచ్చి ఒక భరిణె చేతిలో పెట్టాడు. నా మొహం ఉన్న చోటికి కాదు, దాని పక్కకి చూస్తూ మాట్లాడాడు. అప్పటికి అంచుల చూపుతో మనిషిని పట్టుకోవడం అలవాటైంది.

చూపు గురించి రోగులు అడిగేది ఎప్పుడూ ఒకటే, వస్తుందా రాదా అని. మనకి తెలిసిన జవాబు చాలాసార్లు ఆ రెండూ కాదు. ఇంత ఉంటుంది, ఇది పోతుంది, ఉన్నదానితో ఈ పని ఇలా చేసుకోవచ్చు అన్నదే మనం చెప్పగలిగింది. అది చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, నిజమైన అంకె ఉంటే చాలు. నా రిజిస్టరులో అది లేదు.

ఈ కథ ఇప్పుడెందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మొన్న విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. నాకూ చక్కెర ఉంది. కొన్నాళ్ళుగా ఎదుటివాడి మొహం మీద ఆవిరి పడుతోంది. మా తలుపు కమ్మికి పొట్ట వచ్చింది. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాక ఒక అమ్మాయి పిలిచి గీత మీద నిలబెట్టింది.

"చదవండి తాతగారూ."

చదివాను. పై నుంచి కింది వరస దాకా, ఒక్కటి తప్పకుండా.

"అబ్బ, ఈ వయసులో ఎంత బాగుందండీ!" అని ఆ అమ్మాయి చీటీ మీద రాసుకుంది. ఒళ్ళు పొంగింది. నలభై ఏళ్ళనాటి ఎర్రసిరా మళ్ళీ కళ్ళ ముందు మెరిసింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను కూడా. ఆగి, మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చాను.

"అది కొట్టెయ్యమ్మా."

"ఏం తాతగారూ?"

"రెండే వరసలు. మిగతావి బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను."

ఆమె నవ్వింది. నవ్వుతూనే నా మొహంలోకి చూసి, నవ్వు ఆపి, చీటీ మీది అంకె కొట్టేసి రెండు అని వేసింది. లోపల డాక్టరు చాలాసేపు చూసి, మా డాక్టరు గారు మేస్త్రితో చెప్పినదే చెప్పాడు, ఈ కాలపు మాటల్లో. నడుమ పోవచ్చు, అంచులు ఉండవచ్చు. రాయవలసినదేమైనా ఉంటే ఇప్పుడే రాసుకోండి అన్నాడు. ఈ అక్షరాలు ఒక్కొక్కటీ నా పటంలో మూడో వరస అంత ఉన్నాయి. మీకు అచ్చులో తెలియదు.

బస్సు దగ్గర మేస్త్రి ఇచ్చిన భరిణె ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. పొడుం మానేసి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య దాన్ని చూస్తే నడుం ఉబ్బినట్టు కనబడుతోంది. కళ్ళు మూసుకుని బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి తీసుకువస్తే ఎక్కడా ఆగదు.